సరిహద్దు దాటే బండికి ఎన్ని కాగితాలు?

నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా పోయే రోడ్డును మనం బద్వేలు రోడ్డు అనే అంటాం. అది బద్వేలుతో ఆగదు. కృష్ణపట్నం రేవు దగ్గర మొదలైన ఈ 67వ నంబరు జాతీయ రహదారి మైదుకూరు, ప్రొద్దుటూరు, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు దాటి కర్ణాటకలో అడుగుపెడుతుంది. బళ్ళారి, హోసపేట, కొప్పళ, గదగ్, హుబ్బళ్ళి మీదుగా గోవా అంచున ఉన్న రామనగర దాకా పోతుంది. మొత్తం సుమారు 750 కిలోమీటర్లు. ఉదయగిరి వాళ్ళు ఆత్మకూరుకు వచ్చి దీన్ని పట్టుకోవచ్చు, లేదంటే సీతారాంపురం మీదుగా పోరుమామిళ్ళ చేరి మైదుకూరు దగ్గర కలవొచ్చు.

ఇంట్లో కారున్నవాళ్ళు దసరా సెలవులకు హంపి, గోవా చుట్టి రావాలనుకోవడం ఇప్పుడు వింతేమీ కాదు. బయలుదేరే ముందు నలుగురినీ అడిగితే వచ్చే సలహాలే వింతగా ఉంటాయి. భయపడక్కర్లేని చోట భయపెడతారు, జాగ్రత్త పడాల్సిన చోట ‘ఏం కాదులే’ అంటారు.

అపోహ: సొంత కారును పక్క రాష్ట్రానికి తీసుకుపోవాలంటే ఆర్టీవో ఆఫీసులో ఎన్‌ఓసీ తీసుకోవాలి

అక్కర్లేదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక రాష్ట్రంలో చేసిన రిజిస్ట్రేషన్ దేశమంతా చెల్లుతుంది. డ్రైవింగ్ లైసెన్సూ అంతే. బండిని వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచుకుంటేనే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి, ఎన్‌ఓసీ అవసరం అప్పుడొస్తుంది. బెంగళూరులో ఉద్యోగానికి పోయి అక్కడే స్థిరపడిన వాళ్ళ సంగతి అది. పది రోజులు తిరిగొచ్చే వాళ్ళకు దాంతో పని లేదు. బీమా పాలసీ, పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా సరిహద్దు దగ్గర ఆగిపోవు, గడువులో ఉంటే చాలు.

ఈ భయం లారీల నుంచి వచ్చిందని నా అనుమానం. 2017 జులై 1న జీఎస్టీ వచ్చేదాకా వాణిజ్య పన్నుల చెక్‌పోస్టుల దగ్గర సరుకు లారీలు గంటల తరబడి నిలబడేవి. బిల్లులు, పర్మిట్లు, సీళ్ళు, మధ్యలో చేతులు తడపడాలు. ఆ కథలు వింటూ పెరిగినవాళ్ళు ఇప్పుడు కారు కొన్నారు. చెక్‌పోస్టులు తీసేసినా వాటి భయం మాత్రం తీరలేదు.

అపోహ: కాగితాలన్నీ ఫొటో తీసి ఫోన్లో పెట్టుకుంటే సరిపోతుంది

ఇది సగం నిజం. 2018లో కేంద్ర మోటారు వాహన నియమాలను సవరించాక ఎలక్ట్రానిక్ రూపంలో చూపించే పత్రాలకూ అసలు వాటి విలువే వచ్చింది. అయితే అవి డిజిలాకర్‌లోనో ఎం-పరివాహన్‌లోనో ఉండాలి. గ్యాలరీలో ఉన్న ఫొటో, వాట్సాప్‌లో బావమరిది పంపిన బొమ్మ ఆ లెక్కలోకి రావు. వెలిగొండ కొండల్లో సిగ్నల్ అందని చోట్లున్నాయి కాబట్టి అసలు కాగితాలను డాష్‌బోర్డులో పెట్టుకోవడమే నయం.

అపోహ: తెలిసినవాళ్ళ కారే కదా, కిలోమీటరు లెక్కన మాట్లాడుకుంటే ట్యాక్సీ కంటే చౌక

మన ఊళ్ళలో దూర ప్రయాణాలు ఎక్కువగా ఇలాగే సాగుతాయి. ఇంటి పక్కాయన ఇన్నోవా, ఆయన డ్రైవరే, డీజిలు మనది, బత్తా మనది, పైన ఇంత. నంబరు ప్లేటు తెల్లది. తిరుపతి దాకా ఎన్నోసార్లు వెళ్ళొచ్చాం, ఎవరూ ఏమీ అనలేదు అంటారు. నిజమే, ఎవరూ ఏమీ అనరు. ప్రమాదం జరిగినప్పుడే ఈ ఏర్పాటు అసలు ఖరీదు తెలుస్తుంది.

సొంత వాడకానికి రిజిస్టరైన బండిని బాడుగకు తిప్పితే పర్మిట్ లేకుండా తిప్పినట్టే. అంతకంటే ముఖ్యం, ప్రైవేటు కారు పాలసీలో వాడకానికి పరిమితులు రాసి ఉంటాయి, బాడుగకు తిప్పడం అందులో మినహాయింపు. బండికి జరిగిన నష్టం ఇవ్వనని కంపెనీ చెప్పడానికి ఆ ఒక్క వాక్యం చాలు. ఎదుటివాడికి గాయమైన కేసుల్లో కోర్టులు చాలాసార్లు ముందు కంపెనీని చెల్లించమని, ఆ డబ్బును తరవాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని చెబుతుంటాయి. అంటే చివరికి ఆ భారం పడేది పక్కింటాయన మీదే. ఇదంతా గొడవ పెట్టుకోవడానికి కాదు, ఆయన మేలు కోరే చెబుతున్నాను.

పసుపు ప్లేటు ట్యాక్సీ మాట్లాడుకుంటే ప్రశ్న మారుతుంది. ఆ బండికి ఆలిండియా టూరిస్టు పర్మిట్ ఉందా? 2023లో వచ్చిన కొత్త నియమాల ప్రకారం ఆ పర్మిట్ ఆన్‌లైన్‌లోనే ఇస్తున్నారు. అది లేని బండికి ప్రతి రాష్ట్రంలోనూ అడుగుపెట్టే ముందు విడిగా పన్ను కట్టాలి, అదీ పరివాహన్ పోర్టల్‌లోనే. ఈ పన్ను బాడుగలో కలిసుందో లేదో ఉదయగిరిలో అడ్వాన్సు ఇచ్చేటప్పుడే తేల్చుకోవాలి, బళ్ళారి పొలిమేరలో కాదు. గోవాలో దిగాక మీరే నడుపుకునే అద్దె కారు కావాలంటే నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్నదే తీసుకోండి.

అపోహ: నేషనల్ హైవే కదా, తెల్లారి బయలుదేరితే సాయంత్రానికి హుబ్బళ్ళి

మ్యాపులో గీత ఒకేలా ఉన్నా రోడ్డు ఒకేలా ఉండదు. బద్వేలు-నెల్లూరు నాలుగు వరసల కారిడార్‌కు కేంద్ర మంత్రివర్గం 2025 మే 28న ఆమోదం తెలిపింది. పొడవు 108.134 కిలోమీటర్లు, ఖర్చు అంచనా 3,653.10 కోట్ల రూపాయలు. వార్త వచ్చిన మర్నాటి నుంచే నాలుగు లైన్లు పడిపోయాయన్నట్టు మాట్లాడేవాళ్ళు తయారయ్యారు. ఆమోదానికీ తారుకూ మధ్య భూసేకరణ, మట్టిపని, కల్వర్టులు, వంతెనలు ఉంటాయి. పని జరుగుతున్న రోడ్డు పాత రోడ్డు కంటే నెమ్మది, అడుగడుగునా మళ్ళింపులే.

ఆత్మకూరు నుంచి మర్రిపాడు మీదుగా బద్వేలు వైపు పోయే దారి వెలిగొండలను దాటాలి. రేవుకు పోయే లారీలు, రేవు నుంచి వచ్చే లారీలు, పొగాకు వేలం రోజుల్లో డి.సి.పల్లి చుట్టుపక్కల రద్దీ, ఇవన్నీ లెక్కలోకి తీసుకోవాలి. ఫోన్ చూపించే సమయానికి మరికొంత కలుపుకుని మొదటి రోజు బళ్ళారితోనో హోసపేటతోనో ఆగడం తెలివైన పని. పిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే అసలు ఆలోచించక్కర్లేదు.

ఇంకో చిన్న గందరగోళం. పాత మ్యాపుల్లో 67వ నంబరు రోడ్డు తమిళనాడులో నాగపట్నం నుంచి కోయంబత్తూరు, ఊటీ మీదుగా గుండ్లుపేట పోతున్నట్టు కనిపిస్తుంది. 2010లో జాతీయ రహదారుల నంబర్లన్నీ మార్చారు, మన 67 కొత్తది. ఊటీ వైపు పోవాలనుకునే వాళ్ళకు అక్కడి నిబంధనలు వేరు. బందీపూర్ అడవి మీదుగా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకల మీద ఆంక్షలున్నాయి. 2024 మే నుంచి మద్రాసు హైకోర్టు ఆదేశంతో ఊటీ, కొడైకెనాల్ వెళ్ళే బయటి బండ్లకు ఈ-పాస్ పెట్టారు.

అపోహ: వార్షిక పాస్ కొంటే ఏడాదంతా టోల్ లేదు

ఫాస్టాగ్ వార్షిక పాస్ 2025 ఆగస్టు 15న మొదలైంది. ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. సొంత కారు, జీపు, వ్యాన్‌కు మాత్రమే. ఒక ప్లాజా దాటితే ఒక ట్రిప్పు. జాతీయ రహదారులు, జాతీయ ఎక్స్‌ప్రెస్‌వేల మీదే చెల్లుతుంది, రాష్ట్ర రహదారుల ప్లాజాల్లో మామూలు ఫాస్టాగ్ లాగే బ్యాలెన్సు కోసుకుంటుంది. తమ్ముడి కారుకు అంటించుకుని పోదామంటే కుదరదు, అది బండి నంబరుకు కట్టిన పాస్. ఫాస్టాగ్ పనిచేయకపోతే యూపీఐలో కడితే ఒకటింబావు రెట్లు, నగదు ఇస్తే రెట్టింపు అని 2025 నవంబరు 15న నియమం తెచ్చారు.

అపోహ: బయట బంకులు ఎలాంటివో ఏమో, ఇక్కడే ట్యాంకు నింపుకోవాలి

పెట్రోలు, డీజిలు జీఎస్టీలో లేవు, పన్ను ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రమే వేస్తుంది. ఆంధ్రలో అది కర్ణాటక కంటే ఎక్కువ. బళ్ళారి చేరేందుకు సరిపడా పోసుకుని మిగతాది అక్కడ నింపుకోండి. లారీ డ్రైవర్లు ఎప్పుడూ చేసే పనే ఇది.

అపోహ: ఉదయగిరి నుంచి రాయలవారు తీసుకుపోయిన కృష్ణుణ్ణి హంపిలో చూడొచ్చు

ఈ దారిన పోయే మన ప్రాంతం వాళ్ళు హంపిలో వెతుక్కునే గుడి కృష్ణాలయం. గజపతుల ఏలుబడిలో ఉన్న ఉదయగిరి దుర్గాన్ని కృష్ణదేవరాయలు ముట్టడించింది 1513లో, చేజిక్కించుకున్నది 1514లో. ఏడాదికి పైగా సాగింది ముట్టడి. కోట ఎక్కి కింద లోయలోకి చూసినవాళ్ళకు ఎందుకంత కాలం పట్టిందో ఎవరూ వివరించక్కర్లేదు. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తరలించి, దానికోసమే గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠించారు. ఆ సంగతి చెప్పే శాసనం గుడి దగ్గరే ఉంది. విగ్రహం మాత్రం అక్కడ లేదు, చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. గర్భగుడి ఖాళీ. మన ఊరి దేవుణ్ణి చూడాలంటే పడమటికి కాకుండా దక్షిణానికి పోవాలన్నమాట. అది తెలియక హంపిలో గైడుతో వాదనకు దిగేవాళ్ళున్నారు.

అపోహ: గోవా నుంచి నాలుగు సీసాలు తెచ్చుకుంటే ఎవరడుగుతారు

ఎక్సైజు రాష్ట్రాల చేతిలోని విషయం. గోవాలో పన్ను కట్టిన సీసా కర్ణాటకలోనూ మన దగ్గరా పన్ను కట్టినట్టు కాదు. పట్టుకుంటే సీసాతో పోదు, బండి కూడా చిక్కుకుంటుంది. కుటుంబంతో పోయినప్పుడు ఈ సరదా ఎందుకు?

దానికన్నా రామనగర దాటాక వచ్చే అన్‌మోడ్ ఘాట్ గురించి ఆలోచించండి. వానాకాలంలో చరియలు విరిగిపడే దారి అది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ముందురోజు ఆరా తీయకుండా అటు పోవద్దు.

అపోహ: మనకే ఈ గొడవలన్నీ, ఐరోపాలో అసలు సరిహద్దులే లేవు

పిల్లలు జర్మనీలోనో ఇటలీలోనో చదువుకుంటున్న ఇళ్ళు ఆత్మకూరు, ఉదయగిరిల్లోనూ కనిపిస్తున్నాయి. ‘అమ్మా నాన్నా రండి, కారులో ఇటలీ నుంచి గ్రీసు దాకా తిప్పుతా’ అని అబ్బాయి అంటాడు. దక్షిణ ఐరోపా పటం చూస్తే దారి తేలిగ్గానే ఉంటుంది. ఇటలీ, స్లొవేనియా, క్రొయేషియా, ఆపైన మాంటెనెగ్రో, అల్బేనియా, గ్రీసు. అయితే సరిహద్దు తనిఖీలు లేని షెంగెన్ ప్రాంతంలో ఉన్నవి 29 దేశాలే. క్రొయేషియా 2023 జనవరి 1న అందులో చేరింది. మాంటెనెగ్రో, అల్బేనియా, బోస్నియా ఈనాటికీ బయటే.

ఒక్కసారి ప్రవేశించడానికే ఇచ్చిన షెంగెన్ వీసాతో క్రొయేషియా నుంచి మాంటెనెగ్రోలోకి దాటితే వీసా అక్కడితో అయిపోయినట్టే. గ్రీసు సరిహద్దులో మళ్ళీ లోపలికి రానివ్వరు. అబ్బాయికి జర్మనీ నివాస అనుమతి ఉంటుంది, వాడికి ఇబ్బంది లేదు. ఆ ధీమాతోనే వాడు తల్లిదండ్రుల సంగతి మరిచిపోతాడు. దరఖాస్తులోనే పలుమార్లు ప్రవేశం అడగాలి, దారి మొత్తం రాసి జత చేయాలి. 180 రోజుల్లో 90 రోజుల పరిమితి ఎలాగూ ఉంటుంది.

క్రొయేషియాలోనే ఉందామనుకున్నా ఒక మెలిక ఉండేది. స్ప్లిట్ నుంచి దుబ్రోవ్నిక్ పోయే తీరంలో నేయుమ్ అనే ఊరి దగ్గర బోస్నియా కొంత మేర సముద్రాన్ని తాకుతుంది. ఆ కాస్త దూరానికి రెండుసార్లు సరిహద్దు దాటాల్సి వచ్చేది. 2022 జులైలో పెల్యెషాత్స్ వంతెన తెరిచాక ఆ బాధ తప్పింది. పాత సలహాలు నమ్మి, పాత మ్యాపు పెట్టుకుని పోతే మాత్రం తప్పదు.

కారు సంగతి వీసా కంటే మెలిక. అద్దె కారును ఏ దేశాలకు తీసుకుపోవచ్చో కంపెనీ ముందే రాసిస్తుంది. అల్బేనియాకు చాలా కంపెనీలు ఒప్పుకోవు, ఒప్పుకుంటే గ్రీన్ కార్డు అనే బీమా పత్రం బండిలో ఉండాలి. రాతపూర్వక అనుమతి లేకుండా దాటితే బీమా చెల్లదు. తెల్ల ప్లేటు ఇన్నోవాకు చెప్పిందే మళ్ళీ ఇక్కడ.

అపోహ: మన లైసెన్సు ఇంగ్లీషులోనే ఉంది కదా, అక్కడ చాలు

చాలా దేశాల్లో చాలదు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కావాలి, ఇది బయలుదేరే ముందు మన ఆర్టీవో దగ్గర ఫారం 4ఎతో తీసుకునేది. ఏడాది చెల్లుతుంది. మన లైసెన్సు పక్కన లేకపోతే దానికి విలువ లేదు. బండి రోడ్డుకు కుడివైపున నడపాలన్న సంగతి అందరికీ తెలుసు, అలవాటు పడటానికి మొదటి రోజు పల్లె రోడ్లు ఎంచుకోవాలన్నది కొందరికే తెలుసు.

టోల్ విషయంలో ఒక్కో దేశానిదీ ఒక్కో తీరు. ఇటలీ, క్రొయేషియాలలో దూరాన్ని బట్టి కట్టాలి, స్లొవేనియాలో ఎక్స్‌ప్రెస్ రోడ్డు ఎక్కే ముందే వినియెట్ అనే గడువు పాస్ ఆన్‌లైన్‌లో కొనాలి. ఇటలీ పాత నగరాల మధ్యలో జడ్‌టీఎల్ అని రాసిన మండలాలుంటాయి. అనుమతి లేని కారు లోపలికి పోతే ఆపడానికి ఎవరూ ఉండరు, కెమెరా నంబరు తీసుకుంటుంది. జరిమానా కాగితం నెలల తరవాత అద్దె కంపెనీ మీదుగా ఇంటికి చేరుతుంది. ఆ వివరాలు అధికారులకు అందించినందుకు కంపెనీ తన రుసుము అప్పటికే మీ కార్డులోంచి కోసుకుని ఉంటుంది.