చనిపోయినవాడి వంతు

“డూమ్, స్లడ్జ్, ఎక్స్‌ట్రీమ్ మెటల్‌లో ఈమధ్య వచ్చిన కొత్త ఆల్బమ్‌ల మీద కవర్ స్టోరీ కావాలి. శుక్రవారం సాయంత్రానికి పేజీలు వెళ్లిపోవాలి” అని ఎడిటర్ గారు సోమవారం చెప్పారు. ఆ రాత్రే పది పేర్లు రాసుకున్నాను. వాటిలో 2023లో వచ్చిన ఆల్బమ్ ఒకటి వింటూ, వీళ్లు అంతకుముందు ఏం చేశారో చూద్దామని వెనక్కి వెళ్లి 2017 నాటి రికార్డు ఒకదాని దగ్గర ఆగిపోయాను. మంగళ, బుధవారాలు అక్కడే గడిచాయి. మిగతా పేర్లకు ఈ పేజీల్లో బాక్సులే మిగిలాయి.

ఆ రికార్డు పేరు ‘మిర్రర్ రీపర్’. చేసింది సియాటిల్ బృందం బెల్ విచ్. సియాటిల్ అనగానే మనకు మైక్రోసాఫ్ట్, అమెజాన్ గుర్తొస్తాయి. మా వీధిలోనే ముగ్గురి పిల్లలు అక్కడున్నారు. అదే ఊళ్లో 2010లో డిలన్ డెస్మండ్, ఏడ్రియన్ గెర్రా అనే ఇద్దరు కలిసి ఈ బృందం మొదలుపెట్టారు. గిటార్ లేదు. డెస్మండ్ చేతిలో ఆరు తీగల బాస్ ఉంటుంది. మీటడం కంటే, హార్మోనియం మెట్ల మీద ఆడించినట్టు రెండు చేతుల వేళ్లతోనూ తీగలను నొక్కుతూ వాయిస్తాడు. అందుకే కింది స్వరం ఒక చేతిలో, పాట మరో చేతిలో నడుస్తాయి. గెర్రా డ్రమ్స్ వాయించేవాడు, పాడేవాడు. ‘లాంగింగ్’ 2012లో, ‘ఫోర్ ఫాంటమ్స్’ 2015లో వచ్చాయి. ఆ తరవాత గెర్రా బృందం నుంచి తప్పుకున్నాడు. అతని చోటికి జెస్సీ ష్రైబ్‌మన్ వచ్చాడు. డ్రమ్స్‌తో పాటు ఆర్గన్ కూడా వాయించగలవాడు. ఇద్దరూ కొత్త పాట కట్టుకుంటుండగా, 2016 మేలో గెర్రా చనిపోయాడు.

దాంతో కడుతున్న పాటే మారిపోయింది. పెరిగి పెరిగి 83 నిమిషాలైంది. ఆల్బమ్ మొత్తానికి ఒకటే పాట. ఒక సీడీలో మామూలుగా 80 నిమిషాలే పడతాయి కాబట్టి ‘యాజ్ అబవ్’, ‘సో బిలో’ అని రెండు డిస్కుల మీదికి విడదీశారు. 2017 అక్టోబర్ 20న ప్రొఫౌండ్ లోర్ సంస్థ విడుదల చేసింది.

మొదటిసారి వినేటప్పుడు నాకు అనుమానమే. ఈ సంగీతంలో నిడివిని గొప్పగా చెప్పుకునే రోగం ఒకటుంది. చెప్పడానికి ఏమీ లేకపోయినా అరగంట లాగుతారు. ఈ వారం విన్న పదింటిలో నాలుగింటి సంగతి ఇదే. ఇక్కడ మాత్రం గంట దాటాక కూడా గడియారం చూడాలనిపించలేదు. మొదట బాస్ ఒక్కటే నడుస్తుంది. తరవాత డ్రమ్ పడుతుంది. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య మనం ఊపిరి తీసి వదలొచ్చు. విలంబ కాలం అంటే మనకు తెలుసు. దాన్ని ఇంకా సాగదీస్తే తాళం లెక్క చెదిరిపోయి, దెబ్బ కోసం ఎదురుచూడటమే మిగులుతుంది. ఒక్కో స్వరం పూర్తిగా ఆరిపోయాకే తరవాతిది వస్తుంది. తీగ శ్రుతి బాగా దించేస్తారు కాబట్టి చెవికంటే ముందు కుర్చీ చేతులకు తెలుస్తుంది ఆ శబ్దం.

అలా నడుస్తూ నడుస్తూ పాట తన నడుముకు చేరుతుంది. అద్దం పెట్టినట్టు రెండు సగాలూ ఎదురుబొదురుగా నిలిచే చోటు అది. అక్కడ వినిపించే గొంతు గెర్రాది.

‘ఫోర్ ఫాంటమ్స్’ రికార్డింగ్ అప్పుడు అతను పాడిన ముక్కలు కొన్ని ఆ ఆల్బమ్‌లోకి ఎక్కలేదు. వాడకుండా మిగిలిన ఆ గొంతునే మిత్రులిద్దరూ తీసి, ఈ పాట మధ్యలో చోటు చేసి కూర్చోబెట్టారు. ఆ భాగానికి ‘మృతుల మాటలు’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. అతను పాడేది గ్రౌల్: గొంతు అడుగునుంచి బొంగురుగా తీసే కేక. ఈ సంగీతం అలవాటు లేనివాళ్లకు అది భయపెట్టే అరుపులా ఉంటుంది. నాకు మాత్రం ఆ చోట అది అరుపులా వినపడలేదు.

మా నాన్న పోయి ఆరేళ్లు. ఫోన్‌లో ఆయన పంపిన వాయిస్ మెసేజ్ ఒకటి మిగిలింది. పదకొండు సెకన్లు. “గ్యాస్ బండ వచ్చింది, డబ్బులిచ్చేశాను, నువ్వు మళ్లీ ఫోన్ చెయ్యక్కర్లేదు” అంటాడు. మెసేజ్‌లు చెరిపేస్తూ పోయినప్పుడు ఎందుకో మిగిలిపోయింది. కావాలని దాచుకున్నది కాదు. ఆయన మంచి మాటలు ఎన్నో చెప్పాడు, అవేవీ రికార్డులో లేవు. ఈ గ్యాస్ బండ మాటే ఉంది. గెర్రా కూడా తన మరణం గురించి పాడలేదు. వేరే పాట కోసం పాడాడు, అది పక్కన పడింది. పక్కన పడిన ఆ ముక్కే ఇప్పుడు 83 నిమిషాలకు నడిబొడ్డు.

మా ఊళ్లో శోకండాలు పెట్టి ఏడ్చే పెద్దమ్మలు పోయినవాడితో నేరుగా మాట్లాడతారు. “నన్నెవరికి అప్పజెప్పి పోయావురా” అని నిలదీస్తారు. జవాబు రాదు. బెల్ విచ్ వాళ్లు చేసింది, ఆ జవాబుకు చోటు వదలడం. పోయినవాడి గురించి పాట కట్టినవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. పోయినవాడికి పాటలో అతని వంతు అతనికి ఇచ్చినవాళ్లు నాకు ఎక్కువమంది తెలియదు. వేగంగా నడిచే పాటలో ఇది కుదిరేది కాదని నా నమ్మకం. అంత నెమ్మదిగా నడిస్తేనే వెనకబడ్డవాడు వచ్చి కలుసుకోగలడు.

ఇంకో సంగతి. బృందం పేరు అమెరికాలోని టెనెసీ రాష్ట్రపు కథ ఒకదాని నుంచి వచ్చింది. 1817 ప్రాంతంలో ఆడమ్స్ దగ్గర జాన్ బెల్ అనే రైతు కుటుంబాన్ని మనిషి కనపడని గొంతు ఒకటి వేధించిందని చెప్పుకుంటారు. ఒళ్లు లేని గొంతు పేరు పెట్టుకున్నవాళ్లకు, ఏడేళ్ల తరవాత ఒళ్లు లేని గొంతు ఒకటి నిజంగానే చేతికొచ్చింది.

రెండో సగంలో హోరు తగ్గుతుంది. ఏరియల్ రూయిన్ పేరుతో పాడే ఎరిక్ మాగ్రిడ్జ్ వచ్చి మామూలు గొంతుతో, మెల్లగా, చాలాసేపు పాడతాడు. ఇంట్లో అందరూ ఏడ్చి అలిసిపోయాక, ఎవరో ఒకరు లేచి దీపంలో నూనె పోసినట్టుంటుంది.

చరిత్ర చెప్పక తప్పదు కాబట్టి గబగబా: బర్మింగ్‌హామ్‌లో రేకుల కర్మాగారంలో పనిచేస్తూ 17 ఏళ్ల గిటారిస్టు టోనీ అయోమీ కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, తరవాత తీగలు వదులు చేశాడు, శ్రుతి దిగింది. 1970 ఫిబ్రవరి 13న అతని బృందం బ్లాక్ సబాత్ మొదటి ఆల్బమ్ వచ్చింది. దాన్నుంచి డూమ్. దానికి పంక్ కోపం కలిపి న్యూ ఆర్లీన్స్ ప్రాంతంలో ఐహేట్‌గాడ్ లాంటివాళ్లు చేసింది స్లడ్జ్. 1990లలో ఫిన్లాండ్‌లో థెర్గోథాన్, స్కెప్టిసిజమ్ బృందాలవాళ్లు డూమ్‌ను శవయాత్ర నడకకు దించారు. 1996లో స్లీప్ అనే బృందం గంటకు పైగా సాగే ఒకే పాట రికార్డు చేస్తే పెద్ద కంపెనీ ఒప్పుకోలేదు. అది ‘డోప్‌స్మోకర్’గా 2003లో బయటపడింది. దానికి పనిచేసిన బిల్లీ ఆండర్సనే ‘మిర్రర్ రీపర్’కీ పనిచేశాడు.

బాక్స్: ఇవీ వినండి

థౌ, ‘అంబిలికల్’ (2024): లూసియానాలోని బేటన్ రూజ్ బృందం. స్లడ్జ్‌లో ఈమధ్య ఇంత సూటిగా కొట్టినవాళ్లు లేరు. పాల్‌బేరర్, ‘మైండ్ బర్న్స్ అలైవ్’ (2024): హోరు తగ్గించుకున్నారని అభిమానులు కొందరు అలిగారు. నాకు నచ్చింది. బ్లడ్ ఇన్‌కాంటేషన్, ‘యాబ్సల్యూట్ ఎల్స్‌వేర్’ (2024): డెన్వర్ డెత్ మెటల్, బెర్లిన్‌లోని హాన్సా స్టూడియోలో రికార్డు చేశారు. రెండే పాటలు, రెండూ 20 నిమిషాలు దాటినవే. ఇక్కడ నిడివి వృథా కాలేదు.

బాక్స్: మన దగ్గర

ఈ శబ్దానికి మన దేశంలో పెద్ద గడప ముంబై. అక్కడి ట్రాన్సెండింగ్ అబ్స్క్యూరిటీ రికార్డ్స్ లోకమంతటి ఎక్స్‌ట్రీమ్ మెటల్‌ను విడుదల చేస్తోంది. డూమ్ కావాలంటే బెంగళూరు: బేవార్ సీ, జిన్ అండ్ మిస్కటానిక్. హైదరాబాద్, బెంగళూరు కుర్రాళ్లు కలిసిన గాడ్‌లెస్‌ది డెత్ మెటల్. 2021 నాటి ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’తో మొదలుపెట్టండి.

నన్ను ఇంతదూరం లాక్కొచ్చిన 2023 ఆల్బమ్ కూడా బెల్ విచ్‌దే, ‘ద క్లాండెస్టైన్ గేట్’. అదీ 83 నిమిషాల ఒకే పాట. మూడు భాగాలుగా అనుకున్న ‘ఫ్యూచర్స్ షాడో’లో మొదటిది. దాని గురించే రాయాలని కూర్చున్నాను.

గురువారం రాత్రి ‘మిర్రర్ రీపర్’ ఆఖరిసారి పెట్టాను. గెర్రా గొంతు వచ్చేసరికి అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

“ఎవర్రా, అలా అరుస్తున్నాడు?”

“చనిపోయాడమ్మా. అంతకుముందు పాడింది.”

సౌండ్ తగ్గించబోయాను. వద్దన్నట్టు చెయ్యి ఊపి, వచ్చి నాన్న పడక్కుర్చీలో కూర్చుంది. డిస్కు అయిపోయింది. రెండోది పెట్టాను. అమ్మ లేవలేదు.