అడవిలో వైర్‌లెస్‌కు ఎండ ఎంత కావాలి?

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో మన్ననూరు దాటితే నల్లమల అడవి. అదే అమ్రాబాద్ పీఠభూమి. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. 2014లో రాష్ట్రం విడిపోయాక ఇక్కడి అడవి అమ్రాబాద్ పులుల అభయారణ్యం అయింది. విస్తీర్ణం 2,600 చదరపు కిలోమీటర్లకు పైనే.

ఇంత అడవిని కాపలా కాసేవాళ్లు లోపల బేస్‌క్యాంపుల్లో ఉంటారు. వాళ్లలో చెంచులూ ఉన్నారు. వేసవిలో కార్చిచ్చు లేచినా, వేటగాళ్ల జాడ కనిపించినా, తోటివాణ్ణి పాము కరిచినా వెంటనే కబురు అందాలి. సెల్‌ఫోను పలకని చోట ఆ కబురు మోసేది వైర్‌లెస్ సెట్టు. కరెంటు తీగ రాని చోట ఆ సెట్టును నడిపేది ఎండ. మరి ఎంత సౌరఫలకం పెట్టాలి? ఎంత బ్యాటరీ పెట్టాలి? పదో తరగతి లెక్కలు వచ్చినవాళ్లెవరైనా దీన్ని తేల్చవచ్చు.

అలాంటి ఒక క్యాంపును ఊహించుకుందాం. సెట్టు 12 వోల్టులది. మాట్లాడేటప్పుడు 6 ఆంపియర్లు లాగుతుంది. అవతలివాళ్ల మాట వినిపించేటప్పుడు 1 ఆంపియర్. ఎవరూ మాట్లాడకుండా ఊరికే చెవి ఒగ్గి ఉన్నప్పుడు 0.3 ఆంపియర్. రోజు మొత్తంమీద మాట్లాడేది అరగంట, వినేది 2 గంటలు అనుకుందాం. మిగతా 21.5 గంటలు మౌనమే.

మాట్లాడటానికి 3 ఆంపియర్ గంటలు, వినటానికి 2. మౌనానికి? 21.5ను 0.3తో గుణించండి, సుమారు 6.5 వస్తుంది! అంటే సగానికి పైగా ఖర్చు సెట్టు ఏమీ చేయనట్టు కనిపించే వేళలోనే జరుగుతోంది. చాలామంది ఈ చిన్న అంకెను లెక్కలోంచి వదిలేస్తారు. మొత్తం 11.5 ఆంపియర్ గంటలు. 12 వోల్టులతో గుణిస్తే రోజుకు 138 వాట్ గంటలు.

వైర్‌లెస్‌ను ఎండతో నడపటం కొత్త సంగతి కాదు. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో సిలికాన్ సౌరఘటం తయారైంది. 1958లో ఎగిరిన వాన్‌గార్డ్-1 ఉపగ్రహంలో రెండు ట్రాన్స్‌మిటర్లు ఉండేవి. మామూలు బ్యాటరీతో నడిచినది మూడు నెలలకే ఆగిపోయింది. సౌరఘటాలతో నడిచినది 1964 దాకా పలికింది. అయితే ఆకాశంలో అంత ఎత్తున మబ్బులు లేవు. మనకు ఉన్నాయి!

ఫలకం మీద 100 వాట్లు అని రాసి ఉంటే, మంచి మిట్టమధ్యాహ్నపు ఎండ నిటారుగా పడి, ఘటాలు 25 డిగ్రీల వద్ద ఉన్నప్పుడు అంత ఇస్తుందని అర్థం. పొద్దుటి ఎండ, సాయంకాలపు ఎండ బలహీనం కదా! అందుకే రోజంతా పడిన ఎండను పోగుచేసి, అది ఎన్ని గంటల పూర్తి ఎండకు సమానమో చూస్తారు. వానాకాలానికి మనం 4 గంటలుగా తీసుకుందాం. వేడికి, దుమ్ముకు, తీగల్లో, బ్యాటరీలో పోయేది పోగా 100కి 60 వంతులు మిగులుతుందనుకుందాం. 138ని 4తో, మళ్లీ 0.6తో భాగిస్తే 57.5 వాట్లు. అయితే 60 వాట్ల ఫలకం చాలు కదా?

తొందరపడకండి. ముసురు పట్టిందనుకోండి. నాలుగు రోజులు ఎండ లేదు. బ్యాటరీయే సెట్టును మోయాలి. నాలుగు రోజులకు 46 ఆంపియర్ గంటలు. సీసం-ఆమ్లం బ్యాటరీని సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది, కాబట్టి 92. బజారులో దొరికేది 100. అది పెడదాం.

ముసురు వదిలింది. ఖాళీ అయిన 46 ఆంపియర్ గంటలు, అంటే 552 వాట్ గంటలు, మళ్లీ నింపాలి. 60 వాట్ల ఫలకం రోజుకు 144 ఇస్తుంది. సెట్టు 138 తింటుంది. మిగిలేది 6! బ్యాటరీ నిండటానికి 92 రోజులు పడుతుంది. ఈలోగా రెండో ముసురు రాక మానదు. అదే 100 వాట్ల ఫలకమైతే 240 ఇస్తుంది, మిగులు 102. అయిదారు రోజుల్లో బ్యాటరీ నిండుతుంది.

ఫలకాన్ని అలాగే ఉంచి బ్యాటరీని మాత్రం రెట్టింపు చేస్తేనో? నీళ్లు రాని ఊళ్లో పెద్ద తొట్టి కట్టినట్టే. పైగా సీసం బ్యాటరీని చాలాకాలం అరకొరగా ఉంచితే, పలకల మీద సీసపు సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా పేరుకుంటుంది. తర్వాత ఎంత కరెంటు ఇచ్చినా అది సులభంగా కరగదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి ఈ బాధ లేదు. 100కి 80 వంతులు వాడుకోవచ్చు గనుక 60 ఆంపియర్ గంటలది సరిపోతుంది. అడవిలోకి భుజాన మోసేవాళ్లకు బరువు తగ్గడం చిన్న సంగతేమీ కాదు. ధర మాత్రం ఎక్కువ.

ఇక చెట్ల సంగతి. నల్లమలలో ఎక్కువ భాగం ఆకురాల్చే అడవి. మార్చిలో వెళ్లి చూస్తే కొమ్మలు మోడువారి, ఎక్కడ పెట్టినా ఫలకానికి ఎండ తగిలేటట్టే ఉంటుంది. జూన్‌లో వానలు పడగానే చిగురిస్తాయి. అంటే ఎండ కరువైన నెలల్లోనే నీడ కూడా వచ్చి పడుతుంది. ఫలకంలో ఘటాలు దండలో పూలలాగా ఒకదాని తర్వాత ఒకటి కలిపి ఉంటాయి. ఒక ఘటం మీద వెడల్పాటి టేకు ఆకు పడితే, గొట్టాన్ని ఒకచోట నొక్కినట్టు, ఆ వరుసంతటా ప్రవాహం తగ్గుతుంది. కాబట్టి చోటు ఎంచేటప్పుడు ఆకులతో నిండిన చెట్టును ఊహించుకుని ఎంచాలి.

ఏ దిక్కుకు వంచాలి? అమ్రాబాద్ సుమారు 16.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరులో మధ్యాహ్న సూర్యుడు దక్షిణంగా, 50 డిగ్రీల ఎత్తునే ఉంటాడు. మే మొదటి వారంలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో నడినెత్తికి వస్తాడు. ఈ రెండింటి నడుమ కాస్త ఉత్తరానికి జరుగుతాడు. మనకు కొరత వానాకాలంలో గనుక ఫలకాన్ని మరీ నిలబెట్టనక్కరలేదు. దక్షిణానికి కొద్దిగా, దుమ్మూ ఆకులూ వాననీటికి జారిపోయేంత వంచితే చాలు.

ఇదే అడవిలో జంతువుల నీటి గుంటలు నింపే సౌర పంపులు కూడా ఉన్నాయి. వాటికి ఇంత తంటా లేదు. దాహం పెరిగేది వేసవిలో, ఎండ కాసేదీ వేసవిలోనే. రాత్రికి బ్యాటరీ అక్కరలేదు, గుంటలో నీళ్లే నిల్వ. వైర్‌లెస్ అలా కాదు. దానికి కాలంతో పని లేదు, అర్ధరాత్రీ వింటూ ఉండాలి.

ఒక్క జాగ్రత్త. ఫలకం ఉంది కదా అని క్యాంపులో 5 వాట్ల దీపం 4 గంటలు వెలిగించి, రెండు సెల్‌ఫోన్లకు ఛార్జి పెట్టారనుకోండి. దీపానికి 20, ఫోన్లకు ఒక్కోదానికి 15 చొప్పున 30, మొత్తం 50 వాట్ గంటలు. మిగులు 102 కాస్తా 52 అవుతుంది. బ్యాటరీ నిండటానికి 11 రోజులు కావాలి. పైగా ముసురు రోజుల్లో అది నాలుగో రోజు దాకా ఆగుతుందా? దోమలకు తాళలేక 15 వాట్ల ఫ్యాను కూడా తెచ్చి రాత్రి 8 గంటలు తిప్పితే? కాగితం తీసుకుని మీరే లెక్క కట్టి చూడండి.