పీసీ సడన్‌గా ఆన్ అవ్వట్లేదా? షాపుకి మోసే ముందు ఇవి చెక్ చేయండి

రాత్రి నేను మామూలుగా షట్‌డౌన్ చేసిన డెస్క్‌టాప్, పొద్దున బటన్ నొక్కితే ఉలకలేదు, పలకలేదు. ఫ్యాన్ చప్పుడు లేదు, ముందు లైటు లేదు. అది నా ఫైనల్ ఇయర్. అదే రోజు సాయంత్రం ప్రాజెక్ట్ సబ్మిట్ చేయాలి. ఫైల్స్ అన్నీ అందులోనే ఉన్నాయి, బ్యాకప్ లేదు. తెలిసిన షాపతనికి ఫోన్ చేస్తే, చూడకుండానే "మదర్‌బోర్డు పోయుంటుంది తమ్ముడూ, మార్చాల్సిందే" అన్నాడు.

కానీ బోర్డుకి ఏమీ కాలేదు. ఆ రోజు నేను చెక్ చేసిన పద్ధతినే, తర్వాత నేర్చుకున్నవి కూడా కలిపి, వరసగా చెప్తాను. ఖర్చు లేనివి ముందు, కష్టమైనవి తర్వాత.

ముందుగా ఒక మాట: పీసీ ఆన్ కాకపోతే డేటా పోయినట్టు కాదు. హార్డ్ డిస్క్ లేదా ఎస్‌ఎస్‌డీ బాగుంటే, దాన్ని తీసి ఇంకో పీసీకి పెట్టి ఫైల్స్ తీసుకోవచ్చు. డ్రైవ్‌కి ఎన్‌క్రిప్షన్ ఉంటే మాత్రం రికవరీ కీ కావాలి. కాబట్టి కంగారు పడొద్దు.

1. గోడ దగ్గర మొదలుపెట్టండి

అదే ప్లగ్‌లో ఫోన్ చార్జర్ పెట్టి చూడండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు, యూపీఎస్ తీసేసి పవర్ కేబుల్‌ని నేరుగా గోడ సాకెట్‌కి పెట్టండి. కేబుల్ మార్చి చూడండి. చాలా మానిటర్లకి కూడా అదే రకం కేబుల్ ఉంటుంది. క్యాబినెట్ వెనక ఎస్‌ఎంపీఎస్ స్విచ్ ఆన్‌లో ఉందా? ఇల్లు ఊడ్చేటప్పుడు చెయ్యి తగిలి ఆఫ్ అయిన కేసులు బోలెడు.

2. పవర్ మొత్తం డిశ్చార్జ్ చేయండి

ప్లగ్ తీసేసి, పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి పట్టుకోండి. తర్వాత ప్లగ్ పెట్టి ట్రై చేయండి. కొన్నిసార్లు ఇంతకే లేచి కూర్చుంటుంది.

3. క్యాబినెట్ తెరవండి

ప్లగ్ తీసి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకి మొదలుపెట్టండి. 24 పిన్ కేబుల్, ప్రాసెసర్ పక్కన ఉండే 4 లేదా 8 పిన్ కేబుల్ గట్టిగా దిగాయో లేదో చూడండి. ర్యామ్ తీసి మళ్లీ పెట్టండి. మూత తీసే ఉంచి ప్లగ్ పెట్టండి. చాలా బోర్డుల మీద స్టాండ్‌బై లైటు ఒకటి ఉంటుంది. అది వెలిగితే ఎస్‌ఎంపీఎస్ నుంచి కనీసం 5 వోల్టుల స్టాండ్‌బై కరెంట్ వస్తోందన్నమాట. నా బోర్డు మీద అది వెలిగింది. నాకు దొరికిన మొదటి క్లూ అదే.

4. స్క్రూడ్రైవర్ టెస్ట్

లైటు వెలిగినా బటన్ పనిచేయకపోతే, అనుమానం ముందు బటన్ మీదే పెట్టండి. ఆ బటన్ వైరు బోర్డు కింది అంచున రెండు చిన్న పిన్నుల దగ్గరికి వస్తుంది. ఏ పిన్నులో మాన్యువల్‌లో ఉంటుంది. వైరు పీకేసి, ఆ రెండు పిన్నుల్నీ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క సెకను కలపండి. వేరే పిన్నులకి తగలకూడదు.

నేను కలపగానే ఫ్యాన్లన్నీ గిర్రున తిరిగాయి! పోయింది క్యాబినెట్ స్విచ్. రెండు వారాలుగా బటన్ నొక్కితే ఇరుక్కుంటూనే ఉంది, నేనే పట్టించుకోలేదు.

5. ఎస్‌ఎంపీఎస్ టెస్ట్

అప్పటికీ లేవకపోతే, ప్లగ్ తీసి ఎస్‌ఎంపీఎస్ కేబుల్స్ అన్నీ ఊడదీయండి. 24 పిన్ కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరునీ, ఏదైనా ఒక నల్ల వైరునీ పేపర్ క్లిప్‌తో కలిపి, చెయ్యి తీసేశాకే స్విచ్ ఆన్ చేయండి. ఫ్యాన్ తిరిగితే ఎస్‌ఎంపీఎస్ ఆన్ అవుతోందని అర్థం. లోడ్ మీద బాగా పనిచేస్తుందని గ్యారంటీ మాత్రం కాదు. మల్టీమీటర్ ఉంటే పసుపు వైరు మీద 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య, ఎరుపు మీద 4.75 నుంచి 5.25 మధ్య రావాలి. వైర్లన్నీ నల్లగా ఉండే మోడల్ అయితే ఈ టెస్ట్ జోలికి వెళ్లొద్దు. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎప్పుడూ విప్పొద్దు. ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన చార్జ్ ఉండొచ్చు.

6. ఒక్కొక్కటీ తీసేస్తూ పోండి

గ్రాఫిక్స్ కార్డు, డ్రైవ్‌లు, యూఎస్‌బీ పరికరాలు తీసేసి, ఒక్క ర్యామ్‌తో ట్రై చేయండి. లేస్తే ఒక్కొక్కటీ తిరిగి పెడుతూ పోండి. ప్రతిసారీ ప్లగ్ తీసే పెట్టండి. ఏది పెట్టగానే ఆగిపోతే అదే దొంగ. అప్పటికీ కదలకపోతే ప్లగ్ తీసి, సీఆర్2032 బ్యాటరీ ఐదు నిమిషాలు బయట ఉంచి మళ్లీ పెట్టండి. ఇన్ని చేశాక కూడా లేవకపోతే, అప్పుడు బోర్డు మీద అనుమానపడొచ్చు.

మరి నా సంగతా? కొత్త స్విచ్ కొనే టైమ్ కూడా లేదు. రీసెట్ బటన్ వైరుని పవర్ పిన్నులకి తగిలించాను. ఖర్చు సున్నా. ప్రాజెక్ట్ టైమ్‌కి వెళ్లింది. ఆ రాత్రే పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ కూడా తీశాను. మీరు మాత్రం పీసీ బాగున్నప్పుడే, ఈరోజే తీసుకోండి.