విలీనం వార్తలో పైలట్ వెతికే అంకె

రెండు పెద్ద విమాన సంస్థలు కలవబోతున్నాయని తెలియగానే పేపర్లు షేరు ధర, విమానాల సంఖ్య, మార్కెట్ వాటా అచ్చువేస్తాయి. పైలట్ల మధ్య చర్చ మాత్రం ఇంకో అంకె చుట్టూ తిరుగుతుంది. ‘కొత్త సీనియారిటీ లిస్టులో నా నంబరెంత?’ అమెరికాలో ఈ ఒక్క ప్రశ్న తేలడానికి 11 ఏళ్లు పట్టిన సందర్భం ఉంది.

అక్కడి పెద్ద సంస్థల్లో పైలట్ బతుకంతా ఆ నంబరు మీదే నడుస్తుంది. ఏ విమానం నడపాలి, కెప్టెన్ సీటా, ఫస్ట్ ఆఫీసర్ సీటా, ఏ ఊళ్లో డ్యూటీ, పండక్కి సెలవు దొరుకుతుందా లేదా, అన్నీ నంబరు వరసలోనే. కోతలు వస్తే చివరి నంబరు మొదట ఇంటికి వెళుతుంది, మళ్లీ పిలుపు దానికే ఆఖరున వస్తుంది. విసుగొచ్చి వేరే కంపెనీకి పోదామన్నా, 20 ఏళ్ల కెప్టెన్ అక్కడ అందరికన్నా కింద, కొత్తగా చేరినవాడిగా మొదలుపెట్టాల్సిందే. అందుకే విలీనం గురించి ఉద్యోగులు గొంతు చించుకుంటే అది స్వార్థమని కొట్టిపారేయడం అన్యాయం. వాళ్ల ఆస్తి ఆ నంబరే.

2005 సెప్టెంబరు 27న అమెరికా వెస్ట్, యూఎస్ ఎయిర్‌వేస్ కలిశాయి. యూఎస్ ఎయిర్‌వేస్ పెద్దది, పాతది, కానీ చితికిపోయింది. 2002లో ఒకసారి, 2004లో మరోసారి దివాలా కోర్టు మెట్లెక్కింది. పైలట్ల పెన్షన్ పథకం 2003లోనే రద్దయింది. అరిజోనాలోని అమెరికా వెస్ట్ చిన్నదైనా నిలబడి ఉంది. కొత్త సంస్థకు బాస్ అయినది కూడా అక్కడి డగ్ పార్కరే.

పైలట్ల లెక్క ఇలా ఉంది. యూఎస్ ఎయిర్‌వేస్ వైపు, అంటే ‘ఈస్ట్’ పైలట్లు సుమారు 5,100 మంది. వాళ్లలో దాదాపు 1,700 మంది అప్పటికే లేఆఫ్‌లో ఇంట్లో ఉన్నారు. ‘వెస్ట్’ పైలట్లు సుమారు 1,900. ఉద్యోగంలో చేరిన తేదీ ప్రకారం లిస్టు వేయాలని ఈస్ట్ వాళ్లు పట్టుబట్టారు. అమెరికా వెస్ట్ ఎగరడం మొదలైందే 1983లో కాబట్టి తేదీలు చూస్తే పై వరసలు దాదాపుగా ఈస్ట్ వాళ్లవే అవుతాయి. వెస్ట్ వాళ్ల వాదన దీనికి ఎదురు. సొంత లిస్టులో ఎవరు ఏ ఎత్తున ఉన్నారో కొత్త లిస్టులోనూ దాదాపు అదే ఎత్తున ఉండాలని, మీ కంపెనీ మునిగే స్థితిలో ఉంటే మా ఉద్యోగాలకు మీరు పైనెలా వస్తారని వాళ్లు అడిగారు.

రాజీ కుదరలేదు. ముందే ఒప్పుకున్న పద్ధతి ప్రకారం వివాదం జార్జ్ నికొలావ్ అనే మధ్యవర్తి దగ్గరికి వెళ్లింది. 2007 మేలో ఆయన తీర్పిచ్చారు. పెద్ద అంతర్జాతీయ విమానాలు నడిపే ఈస్ట్ సీనియర్లు 517 మందిని లిస్టు తలభాగాన పెట్టారు. లేఆఫ్‌లో ఉన్న 1,700 మందిని అడుగున పెట్టారు. మధ్యలో ఉన్నవాళ్లను దామాషాలో కలిపారు.

దీన్ని ఒక మనిషికి అన్వయించి చూస్తే సంగతి అర్థమవుతుంది. 5,100లోంచి 1,700, 517 తీసేస్తే ఈస్ట్ వైపు మిగిలేది సుమారు 2,880. వాళ్లను 1,900 మందితో కలపడమంటే ముగ్గురు ఈస్ట్ పైలట్లకు ఇద్దరు వెస్ట్ పైలట్ల లెక్క. వెస్ట్ లిస్టులో సరిగ్గా నడిమధ్యన, 950వ నంబరులో ఉన్న పైలట్ కొత్త లిస్టులో ఇంచుమించు 2,900 దగ్గర తేలతాడు. పనిలో ఉన్న 5,300 మందిలో అది 55వ శాతం దగ్గరి చోటు. అంటే అతను నష్టపోయింది కొద్దిగానే. 16 ఏళ్లకు పైగా సర్వీసు ఉండి లేఆఫ్‌లో ఉన్న ఈస్ట్ పైలట్ సంగతి వేరు. విలీనానికి కొన్ని నెలల ముందు వెస్ట్‌లో చేరిన కుర్రాడి కింద అతని పేరు పడింది. ఆ మనిషి కడుపుమంట నాకు అర్థమవుతుంది. కానీ విలీనం నాటికి అతనికి చేతిలో ఉద్యోగం లేదు. మధ్యవర్తి చూసింది ఆ వాస్తవాన్ని. నా లెక్కలో తీర్పు కఠినమైనదే తప్ప అన్యాయమైనది కాదు.

తర్వాత జరిగిందే అన్యాయం. మొత్తం 7,000 మందిలో ఈస్ట్ వాళ్లు నూటికి 73. ఆ బలంతో 2008 ఏప్రిల్‌లో పాత యూనియన్ ఆల్పాను ఓడించి, చేరిన తేదీనే ప్రమాణంగా పెట్టుకున్న కొత్త యూనియన్‌ను గెలిపించారు. వెస్ట్ పైలట్లు కోర్టుకెక్కారు. 2009లో ఫీనిక్స్ జ్యూరీ వాళ్ల పక్షం నిలిచింది. ఉమ్మడి ఒప్పందమే రాలేదు కాబట్టి కేసుకు ఇంకా సమయం కాలేదని 2010లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. చివరికి 2015లో అదే అప్పీలు కోర్టు వెస్ట్ వైపు తీర్పిచ్చింది.

ఈలోగా ఒకే పేరున్న కంపెనీలో రెండు గుంపులు విడివిడిగా, విడివిడి ఒప్పందాల కింద విమానాలు నడిపాయి. తీర్పును అడ్డుకోవాలంటే ఉమ్మడి ఒప్పందాన్ని అడ్డుకోవాలి. అందుకని ఈస్ట్ పైలట్లు దివాలా నాటి తక్కువ జీతాలతోనే ఏళ్లు గడిపారు. దానికి తోడు 2007 డిసెంబరులో రిటైర్మెంట్ వయసు 60 నుంచి 65కి పెరిగింది. పైవాళ్లు మరో ఐదేళ్లు కదలరు, కిందివాళ్లకు ప్రమోషన్ రాదు.

ఇంత పట్టుదలకు వెనక ఒక పాత భయం ఉంది. 2001లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ టీడబ్ల్యూఏను కొన్నప్పుడు సుమారు 4,000 మంది టీడబ్ల్యూఏ క్యాబిన్ సిబ్బందిని లిస్టు అట్టడుగున చేర్చారు. 2003 జులైకల్లా వాళ్లందరినీ లేఆఫ్ చేశారు. టీడబ్ల్యూఏ సొంత రాష్ట్రం మిస్సోరీ సెనేటర్లు మెకాస్కిల్, బాండ్ పట్టుబట్టడంతో 2007 డిసెంబరులో చట్టం వచ్చింది. విలీనంలో సీనియారిటీ న్యాయంగా కలపాలి, కుదరకపోతే మధ్యవర్తికి అప్పగించాలి.

2012లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగులే విలీనం కావాలని రోడ్డెక్కడం ఇంకా ఆసక్తికరం. దివాలాలో ఉన్న అమెరికన్ యాజమాన్యం 13,000 ఉద్యోగాలు తీసేస్తానంది. ఏప్రిల్‌లో పైలట్లు, క్యాబిన్ సిబ్బంది, గ్రౌండ్ సిబ్బంది యూనియన్లు మూడూ, అంటే 55,000 మంది తరఫున, సొంత యాజమాన్యాన్ని కాదని ప్రత్యర్థి యూఎస్ ఎయిర్‌వేస్ బాస్ డగ్ పార్కర్‌తో షరతులు కుదుర్చుకున్నాయి. 2013 డిసెంబరు 9న అమెరికన్, యూఎస్ ఎయిర్‌వేస్ విలీనం పూర్తయింది. కొత్త లిస్టు కోసం మధ్యవర్తుల ముందు కూర్చున్నప్పుడు ఈస్ట్, వెస్ట్‌లకు వేర్వేరు కమిటీలు ఉన్నాయి. 2016 సెప్టెంబరులో లిస్టు వచ్చింది.

డెల్టా, నార్త్‌వెస్ట్ ఇదే ముడిని త్వరగా విప్పాయి. 2008 మొదట్లో పైలట్లు నంబర్ల మీద ఒప్పుకోకపోవడంతో బేరమే ఆగింది. విలీనం ముగిసేలోపే ఉమ్మడి ఒప్పందం చేసుకున్నారు, డెల్టా పైలట్లకు కంపెనీలో 3.5 శాతం వాటా దక్కింది. అక్టోబరు 29న కంపెనీలు కలిస్తే డిసెంబరుకల్లా మధ్యవర్తులు లిస్టు ఇచ్చారు. 11 ఏళ్లకీ కొన్ని వారాలకీ ఉన్న తేడా మనుషుల మంచితనంలో లేదు. సంతకాలకు ముందే జీతాల లెక్క తేలిందా లేదా అన్నదాంట్లో ఉంది.

మన దేశంలో పైలట్లు కంపెనీ మారడం మామూలే కాబట్టి నంబరు ఉచ్చు అంత బిగుతుగా ఉండదు. అయినా 2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లను కలిపి జీతాలు, ప్రమోషన్లు తేల్చకుండా వదిలేసిన ఫలితం చూశాం. జస్టిస్ ధర్మాధికారి కమిటీని వేసిందే 2011లో. 2012లో కొత్త బోయింగ్ 787 శిక్షణ ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాళ్లకూ ఇస్తారా అంటూ ఎయిర్ ఇండియా పైలట్లు 58 రోజులు సమ్మె చేశారు. ఎస్‌బీహెచ్, ఆంధ్రా బ్యాంకుల విలీనాలు చూసిన తెలుగు ఉద్యోగులకు ఈ తగువు రుచి విడమరచి చెప్పనక్కర్లేదు.

2024 నవంబరు 12న విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసింది. అంతకు నెలల ముందే విస్తారా పైలట్ల చేతికి కొత్త ఒప్పందం వచ్చింది. నెలకు 70 గంటలు ఎగిరినట్టు లెక్కకట్టి ఇచ్చే గ్యారంటీ జీతం అందులో 40 గంటలకు తగ్గింది. చాలామంది డ్యూటీకి రాలేదు. ఏప్రిల్‌లో ఆ సంస్థ రోజుకు 25 నుంచి 30 విమానాలు, అంటే తన సర్వీసుల్లో సుమారు 10 శాతం, తగ్గించుకుంది.