కుక్కర్ రబ్బరు అసలుదేనా?

విజిల్ రాదు. మూత అంచుల్లోంచి ఆవిరి బుసబుసా పోతుంది. అరగంటైనా కందిపప్పు పలుకుగానే ఉంటుంది. రబ్బరు పోయిందని అప్పుడు తెలుస్తుంది మనకి! నందిగామ, జగ్గయ్యపేట బజార్లలో ఏ స్టీలుసామాను కొట్టుకెళ్లినా రబ్బరు దొరుకుతుంది. 'స్టవ్వులు, కుక్కర్లు బాగుచేస్తాం' అని వీధిలోకి వచ్చే మనిషి దగ్గరా ఉంటుంది. కానీ అది మీ కుక్కర్ కంపెనీదేనా?

ఏదైతేనేం అనుకోకండి. కుక్కర్ లోపల నీళ్లు దాదాపు 120 డిగ్రీల వేడిలో ఉడుకుతాయి. ఒత్తిడి పెరిగితే వెయిట్ లేచి ఆవిరి వదులుతుంది. ఆవిరి గొట్టంలో మెతుకు అడ్డుపడిందనుకోండి, సేఫ్టీ వాల్వ్‌లోని లోహం కరిగి ఆవిరికి దారిస్తుంది. కొన్ని కుక్కర్లలో రబ్బరే మూత అంచున ఉన్న సందులోంచి బయటికొచ్చి ప్రమాదం తప్పిస్తుంది. నకిలీవి సమయానికి ఆ పని చేస్తాయన్న భరోసా ఏదీ?

ఎలా పోల్చుకోవాలి?

* పేరున్న కంపెనీల రబ్బరు మీదే పేరు, సైజు అచ్చుపోసి ఉంటాయి. కవరు చూసి మోసపోవద్దు. అక్షరాలు అలికినట్టుంటే, పేరులో ఒక అక్షరం తేడా ఉంటే తీసుకోకండి.

* అంచులు నున్నగా ఉండాలి. కాస్త లాగి వదిలితే మళ్లీ మామూలుగా కావాలి. ఘాటు వాసన వస్తున్నా, మూతలో బలవంతంగా దూర్చాల్సివస్తున్నా అనుమానించాల్సిందే.

* సేఫ్టీ వాల్వ్ లోపలి లోహం కంటికి తెలియదు. దీన్ని మాత్రం కంపెనీ డీలరు దగ్గరే, మీ మోడల్‌కి సరిపోయేదే కొనండి.

* వేరే కంపెనీ వెయిట్ పెట్టకండి. బరువు ఎక్కువైతే లోపల ఒత్తిడీ ఎక్కువవుతుంది.

* కుక్కర్ మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2347 అన్న నంబరు, లైసెన్సు నంబరు ఉండాలి. ఆ లైసెన్సు నిజమైనదో కాదో 'బీఐఎస్ కేర్' యాప్‌లో చూసుకోవచ్చు.

2021 ఫిబ్రవరి 1 నుంచి వంటింటి కుక్కర్లకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఆ ప్రమాణాలు లేని 2,265 కుక్కర్లు ఆన్‌లైన్‌లో అమ్ముడైతే, కొన్నవాళ్లకు డబ్బు తిరిగివ్వాలని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆదేశించింది.

బజారుకెళ్లేటప్పుడు పాత రబ్బరు, మూత వెంట తీసుకెళ్లండి. చిన్న వస్తువే కదా అని మొహమాటపడకుండా బిల్లు అడగండి. మోసపోతే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చెయ్యడానికి ఆ కాగితమే ఆధారం.

అసలుదైనా ఎల్లకాలం ఉండదు. వాడిన ప్రతిసారీ రబ్బరు తీసి కడగండి. గట్టిపడినా, బీటలువారినా మార్చేయండి. ఆవిరి పోతోందని రబ్బరుకి దారం చుట్టడం, వెయిట్ మీద గరిటెతో అదిమిపట్టడం మాత్రం ఎప్పుడూ చెయ్యకండి. పప్పు కాస్త ఆలస్యంగా ఉడికినా ఫర్వాలేదు!