పిందె నిలవాలంటే తేనెటీగ రావాలి
విశాఖ పెరళ్లలో, మిద్దె తోటల్లో తేనెటీగలకు చోటు

కాకర పాదుకు మగ పువ్వులు, ఆడ పువ్వులు వేరువేరుగా పూస్తాయి. ఆడ పువ్వు అడుగున పిందె పుట్టుకతోనే ఉంటుంది. మగ పువ్వులోని పుప్పొడి ఆడ పువ్వు కీలాగ్రానికి చేరితే ఆ పిందె కాయగా ఎదుగుతుంది. చేరకపోతే రెండు మూడు రోజుల్లో పసుపెక్కి రాలిపోతుంది. గుమ్మడి, దోస, పుచ్చ పాదులదీ ఇదే తీరు. పిందె రాలితే బలం చాలలేదనుకొని చాలామంది మరో గుప్పెడు ఎరువు వేస్తారు. పాదు పచ్చగా, పూత నిండుగా ఉండి కూడా పిందె నిలవడం లేదంటే తేనెటీగలు వస్తున్నాయో లేదో ముందు చూడాలి. ప్రపంచంలోని 115 ముఖ్యమైన ఆహార పంటలను పరిశీలిస్తే, వాటిలో 87 ఎంతో కొంత మేరకు తేనెటీగల వంటి జీవుల మీద ఆధారపడి కాస్తున్నవే.

విశాఖపట్నంలో ఇళ్ల మధ్య ఖాళీ స్థలం ఏటా తగ్గుతోంది. పెరడు పోయి డాబా మీద కుండీలు మిగిలాయి. ఆ కుండీల్లోనూ తేనెటీగకు కావలసినవన్నీ అమర్చవచ్చు. దానికి కావలసినవి నాలుగు: ఏడాది పొడవునా పూత, గూటికి చోటు, తాగడానికి నీరు, విషం లేని మొక్క.

ఇంటి చుట్టూ తిరిగే తేనెటీగలు

తేనెటీగ అనగానే తేనెపట్టు గుర్తొస్తుంది. కానీ ప్రపంచంలో గుర్తించిన సుమారు 20,000 తేనెటీగ జాతుల్లో పట్టు కట్టి తేనె దాచేవి చాలా కొద్ది. ఎక్కువ జాతుల్లో ప్రతి ఆడ ఈగా ఒంటరిగా గూడు చేసుకొని, తన పిల్లలను తానే పెంచుకుంటుంది.

పట్టు కట్టేవాటిలో పెద్దది కొండ తేనెటీగ. ఎత్తయిన చెట్లకు, కొండ చరియలకు, నగరంలోనైతే నీళ్ల ట్యాంకులకు, అపార్టుమెంట్ల పై అంతస్తులకు ఒకే పెద్ద పట్టు వేలాడదీస్తుంది. మన్యంలో గిరిజనులు సేకరించే తేనెలో ఎక్కువ భాగం దీనిదే. 1956లో ఏర్పడి, విశాఖ కేంద్రంగా పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ అమ్మే తేనె సీసా ద్వారా నగరవాసికి ఈ ఈగ శ్రమ చిరకాలంగా తెలుసు. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో చీకటిచాటున వరుసగా పట్టులు కట్టేది పుట్ట తేనెటీగ. చిన్న తేనెటీగ పట్టు అరచేయంత ఉంటుంది. నిమ్మ కొమ్మకో గోరింట కంచెకో ఆకుల మాటున వేలాడుతుంది. ముసురు ఈగ వీటన్నిటికంటే చిన్నది, పొడవు నాలుగు మిల్లీమీటర్లకు మించదు, కుట్టదు. గోడ పగుళ్లలో గూడు పెట్టి, బయటికి మైనం, జిగురు కలిపిన సన్నని గొట్టంలాంటి ద్వారం కడుతుంది. పాత గోడల మీద ఆ గొట్టాన్ని చూసి చెత్త అనుకొని చీపురుతో రాల్చేయడం మామూలే.

ఒంటరి జాతుల్లో అందరికీ తెలిసినది తుమ్మెద. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎ.జె. సాల్మన్ రాజు, ఎస్. పూర్ణచంద్రరావు రెండు పెద్ద తుమ్మెద జాతుల గూళ్లను, అవి వెళ్లే పూలను పరిశీలించి 2006లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో వివరించారు. వాటిలో ఒకటి నల్లగా, నీలి మెరుపు రెక్కలతో ఉండే జైలోకోపా లాటిపెస్. రెండోది జైలోకోపా ప్యూబెసెన్స్. దాని ఆడ ఈగకు నల్లని ఒంటి మీద పసుపు నూగు భుజాలుంటాయి. మగది ఒళ్లంతా పసుపే. గులాబీ ఆకుల అంచున గుండ్రంగా కత్తిరించినట్టు ముక్కలు పోతే అది ఆకు కోసే తేనెటీగ పని. ఆ ముక్కలతో అది పిల్లలకు ఉయ్యాల అల్లుతుంది. మొక్కకు వచ్చే నష్టం ఏమీ లేదు, మందు కొట్టాల్సిన పని అంతకంటే లేదు.

వంగ పువ్వు దగ్గర పది నిమిషాలు

పట్టు తేనెటీగలు చేయలేని పని కొన్ని ఒంటరి జాతులు చేస్తాయి. వంగ, టమాటా పూలలో పసుపు పచ్చని పరాగకోశాలు గొట్టాల్లా ఉంటాయి. పుప్పొడి ఆ గొట్టాల లోపల ఉంటుంది, బయటికి రావడానికి కొసన చిన్న రంధ్రమే దారి. పొద్దున్నే వంగ మొక్క పక్కన కూర్చుంటే నీలి చారల తేనెటీగ రావడం చూడవచ్చు. తలకిందులుగా వేలాడే పువ్వును కాళ్లతో పట్టుకొని, ఒళ్లు వంచి, రెక్కలు ఆడించకుండా ఎగిరే కండరాలను మాత్రం అదరగొడుతుంది. అప్పటిదాకా వినిపించిన ఝుంకారం ఒక్కసారి స్థాయి పెరిగి సన్నబడుతుంది. ఆ అదురుకు రంధ్రాల నుంచి పుప్పొడి ఈగ పొట్ట మీద పొడిలా రాలుతుంది. రెండు మూడు క్షణాల్లో అది తరువాతి పువ్వు మీదికి వెళ్లిపోతుంది. తుమ్మెదలూ ఇలాగే చేస్తాయి. కొండవాలుల్లో పూసే తంగేడు పువ్వుదీ ఇదే నిర్మాణం. గాలికి ఊగినా వంగ, టమాటా కొంత కాస్తాయి కానీ, తేనెటీగ అదరగొట్టిన పువ్వుకు కాయ బాగా నిలుస్తుంది, గింజ నిండుగా కడుతుంది.

కొండలకూ రేవుకూ నడుమ

విశాఖకు ఒక పక్క సముద్రం, మరో పక్క కొండలు. సింహాచలం కొండ, కైలాసగిరి, యారాడ కొండ, 2002లో అభయారణ్యంగా ప్రకటించిన కంబాలకొండ నగరాన్ని ఆనుకొనే ఉన్నాయి. ఈ కొండల చెట్లు, పొదలు తేనెటీగలకు పుట్టిళ్లు. చిక్కంతా దూరంతోనే. కొండ తేనెటీగ మేత కోసం కిలోమీటర్ల కొద్దీ ఎగరగలదు. పుట్ట తేనెటీగ సాధారణంగా ఒక కిలోమీటరు లోపే తిరుగుతుంది. ముసురు ఈగకు కొన్ని వందల మీటర్లే పొలిమేర. కాబట్టి కొండకూ ఇంటికీ మధ్య పూలు లేని కాంక్రీటు పరుచుకుంటే చిన్న జాతులు దాన్ని దాటలేవు. వీధికి నాలుగు డాబాల మీద పూత ఉంటే అవే వాటికి మజిలీలవుతాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరంలో వేల చెట్లను కూల్చింది. ముదురు చెట్టుతో పాటు తొర్ర కూడా పోతుంది. కొత్తగా నాటిన మొక్క కొన్నేళ్లలో నీడ ఇస్తుంది కానీ, తొర్ర ఏర్పడటానికి దశాబ్దాలు కావాలి.

రేవు నగరంలో దుమ్ము మరో సమస్య. బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర పరిశోధనా కేంద్రం శాస్త్రవేత్తలు 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, గాలి కాలుష్యం ఎక్కువగా ఉన్నచోట పట్టిన కొండ తేనెటీగల్లో 80 శాతానికి పైగా ఒక్క రోజులోనే చనిపోయాయి. వాటి ఒంటి మీద సీసం, ఆర్సెనిక్ ఉన్న రేణువులు కనిపించాయి. బొగ్గు, ఖనిజాల దుమ్ము పడే పేటల్లో ఇంటివాళ్లు గాలిని మార్చలేరు కానీ, మొక్కల మీద మసి పేరుకోకుండా చూసుకోగలరు. పువ్వు విచ్చుకున్నాక నీళ్లు చల్లితే పుప్పొడి కొట్టుకుపోతుంది. అందుకని సాయంత్రం పూట ఆకులు కడగడం మేలు.

ఏడాది పొడవునా పూత

తేనెటీగకు మకరందం శక్తినిస్తుంది, పుప్పొడి పిల్లలకు మాంసకృత్తులనిస్తుంది. ఒక నెల విరగబూసి మూడు నెలలు ఎండిపోయే తోట దానికి నిలకడైన చోటు కాదు. విశాఖ చుట్టుపక్కల చలికాలంలో మామిడి, జీడిమామిడి, మునగ పూస్తాయి. వేసవి ముంగిట వేప, కానుగ, నేరేడు అందుకుంటాయి. తరువాత చింత. కొబ్బరి పూగుత్తి ఏడాదంతా విచ్చుకుంటూనే ఉంటుంది. కొరత వచ్చేది మే ఎండల్లో, ఆ తరువాత వానల్లో. ఆ లోటు తీర్చేవి కుండీ మొక్కలే. తులసి కంకులు ముదిరేదాకా వదిలేస్తే చిన్న తేనెటీగలు రోజంతా వాటి మీదే ఉంటాయి. కొత్తిమీర, ఆవాలు, ముల్లంగి మొక్కలు రెండు మూడింటిని కోయకుండా పూతకు వదలాలి. వానాకాలంలో దోస, కాకర పాదులు, సబ్జా, నువ్వులు పనికొస్తాయి.

ఎంపికలో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. తేనెటీగ ఒక విడతలో వీలైనంతవరకు ఒకే జాతి పూలను వెతుక్కుంటూ పోతుంది. పది రకాలు ఒక్కొక్కటి కాకుండా, ఒకే రకం నాలుగైదు కుండీలు పక్కపక్కన ఉంటే దాని శ్రమ తగ్గుతుంది. ఇక రెండోది, నిండైన పువ్వంతా మేత కాదు. ముద్ద పూలలో పుప్పొడి ఇవ్వాల్సిన భాగాలు రేకులుగా మారి ఉంటాయి. ముద్ద బంతి కంటే ఒంటిరెక్క బంతి, ముద్ద మందారం కంటే రేకు మందారం నయం. ఖాళీ మూలలో మొలిచే గడ్డిచామంతి కూడా చిన్న ఈగలకు మంచి మేతే. బీర, సొర పూలు మాత్రం సాయంత్రం విచ్చుకుంటాయి. సొరకు రాత్రి తిరిగే రెక్కల పురుగులే ఎక్కువ తోడు. అవి రాకపోతే మగ పువ్వు తుంచి ఆడ పువ్వుకు చేత్తో అద్దాలి.

గూడు, నీరు

తుమ్మెద ఎండు కర్రలో, వెదురు బొంగులో సొరంగం చేసుకుంటుంది. పాత పందిరి వెదుర్లను చలిమంటలో వేయకుండా, జానెడు ముక్కలుగా కోసి, ఒక కొస కణుపుతో మూసి ఉండేలా చూసి, కట్ట కట్టి చూరు కింద వాన తగలనిచోట తూర్పు ముఖంగా వేలాడదీయాలి. సన్న గొట్టాల్లో ఆకు కోసే ఈగలు, లావు వాటిలో తుమ్మెదలు చేరతాయి. నీలి చారల తేనెటీగ మట్టిలో గూడు తవ్వుతుంది. పెరడంతా సిమెంటు పోయకుండా, ఎండ తగిలే మూల రెండడుగుల నేల తవ్వకుండా వదిలితే దానికి చాలు.

వేసవిలో తేనెటీగలు పట్టును చల్లబరచడానికి కూడా నీళ్లు మోస్తాయి. లోతు లేని మట్టి మూకుడులో గులకరాళ్లు పరిచి, రాళ్ల తలలు పైకి ఉండేలా నీళ్లు పోస్తే అవి మునగకుండా తాగుతాయి. దోమ గుడ్డు పెట్టి, పిల్ల దోమ రెక్కలు తొడగడానికి వారం పైగా పడుతుంది. రెండు రోజులకోసారి నీళ్లు పారబోసి మూకుడు రుద్ది కడిగితే డెంగీ భయం ఉండదు.

మందులతో జాగ్రత్త

పేనుబంక, పిండినల్లి కనిపించగానే నర్సరీలో ఇచ్చిన సీసా పిచికారీ చేయడం అలవాటైపోయింది. ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులు మొక్క నరనరానా పాకి, మకరందంలోకి, పుప్పొడిలోకి చేరతాయి. ఈగను వెంటనే చంపని మోతాదు కూడా దానికి దారి మరపిస్తుంది. ఇమిడాక్లోప్రిడ్‌తో సహా మూడు మందులను ఆరుబయట వాడకుండా ఐరోపా సమాఖ్య 2018లో నిషేధించింది. ఇంటి తోటలో వాటి అవసరమే లేదు. పేనుబంకను నీటి ధారతో కొట్టి రాల్చవచ్చు. పిండినల్లిని సబ్బు నీళ్లలో ముంచిన గుడ్డతో తుడవవచ్చు. వేపనూనె చల్లాల్సి వస్తే పొద్దు వాలాక, విచ్చిన పూల మీద పడకుండా చల్లాలి.

కొండ తేనెటీగల పట్టు కనిపిస్తే

అపార్టుమెంటు సన్‌షేడ్ కింద పెద్ద పట్టు కనిపిస్తే భయం సహజం. కదిలిస్తే అవి గుంపుగా కుడతాయి. పగలు రాళ్లు వేయడం, మంట పెట్టడం ప్రాణం మీదికి తెస్తాయి. కదిలించకపోతే వాటి పని అవి చూసుకుంటాయి, కొన్ని నెలలకు మేత వెతుక్కుంటూ వలస పోతాయి. పట్టుకు ఎదురుగా ఉన్న బాల్కనీలో రాత్రి దీపం ఆర్పితే అవి వెలుగుకు ఆకర్షితమై ఇంట్లోకి రావు. పిల్లలు తిరిగే దారికి మరీ దగ్గరైతే అనుభవం ఉన్నవారితోనే రాత్రిపూట తప్పించాలి. ఈగ కుడితే ముల్లును వెంటనే గీకి తీసేయాలి, ఆలస్యమైనకొద్దీ విషం ఎక్కువ దిగుతుంది. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఏటా అదే చోటికి రావడం కొండ తేనెటీగకు అలవాటు. అవి వెళ్లిపోయాక ఖాళీ పట్టును దించి, మైనం మరకలు గీకి సున్నం పూస్తే, మళ్లీ వచ్చేటప్పుడు మరో చోటు చూసుకొనే అవకాశం ఎక్కువ.