వృద్ధుల పరిచర్యకు విదేశీయులు: ఇజ్రాయెల్ అనుభవము

తల్లికి ఎనుబది యేండ్లు దాటి, తానుగా స్నానము చేయలేని స్థితి వచ్చినపుడు బిడ్డలకు తోచు మార్గములు ఏ దేశమునందైనను కొన్నియే. కూతురో కోడలో ఉద్యోగము మానవలెను. లేదా తల్లిని వృద్ధాశ్రమమునకు పంపవలెను. లేదా రేయింబవళ్లు ఇంటనే యుండి చూచుకొను మనిషిని కుదుర్చుకొనవలెను. అట్టి మనిషి స్వదేశమున దొరకనపుడు పరదేశమునుండి రప్పించుట ఇటలీ, తైవాన్, సింగపూరు మొదలగు చోట్ల వాడుకయైనది. వీనిలో ఇజ్రాయెల్ పద్ధతిని మనము కొంత నిదానముగా తెలిసికొనుట మంచిది. ఏలయనగా, అచ్చట ఈ పని చేయువారిలో ఫిలిప్పీన్సు, నేపాలు, శ్రీలంక దేశీయులతోపాటు భారతీయులును వేలసంఖ్యలో గలరు. వారిలో కేరళీయులు ఎక్కువ; తెలంగాణ, ఆంధ్ర ప్రాంతములనుండి వెళ్లిన స్త్రీలును, పురుషులును కూడ ఉన్నారు.

ఇజ్రాయెల్‌లో దీర్ఘకాల పరిచర్యకై ఒక బీమా చట్టము 1980లో చేయబడి, 1988లో అమలునకు వచ్చినది. వృద్ధులను ఆశ్రమములకు తరలించుటకంటె వారి ఇంటనే ఉంచి చూచుట మేలను తలంపు దానికి మూలము. సాయము కోరినవారిని జాతీయ బీమా సంస్థ పరీక్షించును. బట్టలు కట్టుకొనగలరా, స్నానము చేయగలరా, అన్నము నోటికి అందించుకొనగలరా, ఇంటిలో నడువగలరా, మలమూత్రములపై స్వాధీనము కలదా, ఒంటరిగా విడిచినచో ప్రమాదమా అని విచారించి, దానినిబట్టి తరగతి నిర్ణయించును. 2018 సంస్కరణ తరువాత ఈ తరగతులు ఆరు. అయితే ఈ సాయము వారమునకు ఇన్ని గంటలు అను లెక్కపై నడచును. రాత్రి రెండు గంటలకు లేచి మూత్రశాలకు పోవలసిన వృద్ధునికి ఆ లెక్క ఏమి సరిపోవును? ఇంటనే నివసించు మనిషి కావలెను. ఆ పనికి ఆ దేశీయులు ముందుకు రారు. విదేశీయులు ప్రవేశించినది ఈ ఖాళీలోనే.

మనిషిని రప్పించుకొనగోరు కుటుంబము జనాభా, వలసల అధికార సంస్థనుండి అనుమతి పొందవలెను; లైసెన్సు గల ఒక ప్రైవేటు బ్యూరో ద్వారా మనిషిని కుదుర్చుకొనవలెను. అనుమతి వృద్ధుని పేరనే వచ్చును. జీతము కొడుకు జేబునుండి పోయినను, చట్టము దృష్టిలో యజమాని ఆ వృద్ధుడే. మంచము దిగలేని ముసలమ్మ ఆ విధముగా ఒక్క దినమున యజమానురాలగును. జాతీయ కనీస వేతనము, ఆరోగ్య బీమా, వారపు సెలవు, ఉండుటకు తగిన చోటు — ఇవన్నియు ఆమె ఇచ్చి తీరవలసినవి. పనిమనిషి పాస్‌పోర్టును బీరువాలో పెట్టి తాళము వేయుట అక్కడ నేరము. భద్రత కొరకని చెప్పి కొందరు దాచుచుందురు. ఆ భద్రత ఎవరికో చెప్పనక్కరలేదు.

ఇక ఇంటిలోపలి సంగతి. మన ఇండ్లలో మడి ఆచారము నెరిగినవారికి యూదుల వంటయిల్లు అంత వింతగా తోచదు. ఆచారము పాటించు ఇంట పాల పాత్రలు వేరు, మాంసపు పాత్రలు వేరు. ఒకదానిలో గరిటె మరొకదానికి తగులరాదు. శుక్రవారము సూర్యాస్తమయమునుండి శనివారము రాత్రివరకు నిప్పు రాజేయరు, విద్యుద్దీపము వేయరు, రేడియో మీటను కూడ తాకరు. వచ్చిన మనిషి ఇదంతయు నేర్చుకొనవలెను. భాష అంతకంటె కష్టము. అక్కడి వృద్ధులలో అనేకులు పోలండు, రుమేనియా, రష్యా, మొరాకో, ఇరాకు దేశములలో పుట్టి వచ్చినవారు. మతిమరపు ముదిరినకొలది, నడివయసున నేర్చిన హిబ్రూ జారిపోయి, చిన్ననాటి భాషయే మిగులుట కలదు. అట్టి వృద్ధురాలు రుమేనియన్‌లో దాహమడిగినచో, ఆ మాట ఆమె మనుమలకంటె ముందు నిజామాబాదునుండి వచ్చిన పరిచారికకు అర్థమగును.

ఇట్టి సాన్నిహిత్యము మాటలతో పోవునది కాదు. 2023 అక్టోబరు 7న నీర్ ఓజ్ అను గ్రామముపై సాయుధులు దాడి చేసినపుడు, కేరళకు చెందిన ఇద్దరు పరిచారికలు తాము చూచుకొను వృద్ధ దంపతులతో రక్షణగదిలో చేరి, బయటివారు తెరువజూచిన తలుపు పిడిని లోపలనుండి గంటల తరబడి బిగబట్టి వారిని కాపాడిరి. ఆనాటి దాడులలో ప్రాణములు కోల్పోయిన పరదేశ పరిచారకులును గలరు.

“ఆమె మా యింటి బిడ్డవంటిది” అని కుటుంబములు చెప్పుట సహజము. చిక్కు అక్కడనే మొదలగును. బిడ్డకు పనిగంటలు లెక్కింతుమా? బిడ్డకు వారపు సెలవు ఇత్తుమా? ఈ గంటల సంగతి ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము వరకు పోయినది. ఇంటనే నివసించు పరిచారకులకు అదనపు గంటల వేతనము వర్తించదని 2009లోను, మరల విచారించి 2013లోను తీర్పు వచ్చినది. రాత్రి ఎంతసేపు నిద్ర, ఎంతసేపు పని అని లెక్కించుటకు ఆ చట్టము అనువుగా లేదనియు, శాసనసభయే మార్గము చూపవలెననియు న్యాయమూర్తులలో అధికసంఖ్యాకులు తలంచిరి. తీర్పు న్యాయశాస్త్రరీత్యా ఎట్లున్నను, దాని భారము నిద్ర చాలని మనిషిపై పడును. ఆమెనుండి ఆమె చేయి పట్టుకొని నడచు వృద్ధురాలిపై పడును.

అంతకంటె పెద్ద సంగతి మరొకటి. మొదట పరదేశ కార్మికుని వీసా ఒకే యజమాని పేరుతో ముడిపడి ఉండెడిది. ఆ ఇంటిని విడిచిన క్షణమున అతడు ఆ దేశమున చట్టవిరుద్ధముగా ఉన్నవాడే. ఊరి దళారికి ఇచ్చుటకు పొలమో బంగారమో తాకట్టు పెట్టి వచ్చినవాడు, అప్పు తీరకముందు వెనుకకు పోలేడు. ఈ ఇంట తిట్లు తిన్నను, జీతము నిలిచినను ఓర్చుకొనవలసినదే. కావ్ లాఓవేద్ మొదలగు సంఘములు దీనిపై వ్యాజ్యము వేయగా, 2006 మార్చిలో న్యాయమూర్తి ఎడ్మండ్ లేవీ ప్రధాన తీర్పు వ్రాయుచు, ఇది ఆధునిక బానిసత్వమువంటిదని ఆ కట్టును కొట్టివేసెను.

కాని కుటుంబముల పక్షమున చెప్పవలసినదియు ఒకటి కలదు. మనిషి తనకు నచ్చినపుడు వెడలిపోవచ్చుననినచో, దూరపు గలిలీ పల్లెలో ఉన్న వృద్ధురాలిని విడిచి, స్వదేశీయులు ఎక్కువగానుండు టెల్ అవీవ్‌కు చేరగోరును. కదలలేని ఆమె సోమవారము ఉదయము ఒంటరిదగును. ఈ భయము బూటకము కాదు. దీనిని పురస్కరించుకొని 2011లో శాసనసభ చట్టమును సవరించి, యజమానులను ఎన్ని మారులు మార్చుకొనవచ్చునో, ఏ ప్రాంతమున పని చేయవలెనో పరిమితము చేయుటకు మంత్రికి అధికారమిచ్చెను. కొట్టివేసిన కట్టు మరొక రూపమున వచ్చినదని సంఘములు ఆక్షేపించినవి. నా మట్టుకు వారి మాటయే సబబుగా తోచుచున్నది. పల్లెలో మనిషిని నిలుపుటకు అక్కడ జీతము కొంత పెంచవచ్చును, సెలవునాడు బదులు మనిషిని ఏర్పాటు చేయవచ్చును. అవి ఖర్చుతో కూడినవి. త్రాడు బిగించుట చౌక. పోవుటకు వీలులేక నిలిచినవాని చేతిలో, నోరు తెరచి ఫిర్యాదు చెప్పలేని వృద్ధుని వదలుట ఆ వృద్ధునికే క్షేమము కాదని కుటుంబములు గ్రహింపవలసియున్నది.

దళారుల రుసుములను అరికట్టుటకు ప్రభుత్వములు తామే ఒప్పందములు చేసికొనుట కొంత మేలు చేసినది. ఫిలిప్పీన్సుతో 2018లో, నేపాలుతో 2020లో అట్టి ఒప్పందములు కుదిరినవి. 2023 మే నెలలో భారతదేశముతో కుదిరిన అంగీకారములో 42,000 మంది కార్మికుల ప్రసక్తి కలదు. వారిలో 34,000 మంది గృహనిర్మాణమునకు, 8,000 మంది పరిచర్యకు.

పరిచారకులు సాధారణముగా 63 నెలలు ఆ దేశమున ఉండవచ్చును. వృద్ధునికి బాగుగా అలవాటుపడిన మనిషిని దూరము చేయుట హాని అని తగిన నిపుణులు వ్రాసియిచ్చినచో, అదే ఇంట ఆ పైనను ఉండనిత్తురు. ఆ విధముగా పదేండ్లు, పండ్రెండేండ్లు ఒకే మంచముప్రక్క గడపినవారు కలరు. కాని ఆ అనుమతికి ఆధారము ఆ వృద్ధుని ఊపిరి. అది ఆగిన దినముననే వారికి పని పోవును, ఇల్లు పోవును. గడువు దాటియున్నవారు సాధారణముగా దేశము విడువవలసివచ్చును. ఈ సందర్భమున 1963 నాటి చట్టమొకటి వారికి అక్కరకు వచ్చును. యజమాని మరణించినను, మన గ్రాట్యుటీ వంటి పరిహారము పనిచేసినవారికి చెల్లవలెను. నెలజీతముపై ఉన్నవారికి ఏడాది సేవకు ఒక నెల జీతము చొప్పున. పదేండ్లు చేసినవారికి పది నెలల జీతము. మొదటినుండి నెలనెల కొంత తీసి ఉంచిన కుటుంబమునకు అది భారము కాదు. ఉంచనివారు తల్లి ఇల్లు పంచుకొనుటకు ముందే ఆమె ఆస్తినుండి ఆ సొమ్ము తీసి, పెట్టె సర్దుకొనుచున్న మనిషి చేతికి ఈయవలసియుండును.